పెద్దమ్మను ఇక ఎగరనివ్వకండి

విమానముల యోగ్యతా పత్రములు మంజూరు చేయు అధికారి గారి సముఖమునకు,
బట్టలు కుట్టు దుకాణము నడుపుకొనుచు, రెండు సీట్ల పాత విమానములో సగము హక్కు కలిగియున్న స్త్రీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా తమ్ముడును నేనును ఉమ్మడిగా కలిగియున్న విమానమునకు తమ కార్యాలయము ఇటీవల మంజూరు చేసిన యోగ్యతా పత్రమును వెంటనే రద్దు చేయవలసినదిగా కోరుట గురించి.

ఇటువంటి అర్జీ తమకు అరుదుగా వస్తుందని నాకు తెలుసు. అందరూ పత్రం ఇప్పించమని రాస్తారు. మా విమానం గురించి నేనే ఇదే బల్ల మీద, ఇదే కుట్టుమిషను పక్కన కూర్చుని, పత్రం ఇప్పించమని ఎన్నోసార్లు రాశాను. తమ ముందరి అధికారి ఒకరు, "మీ అర్జీ చదివితే విమానం కన్నా ముందు మీకే సర్టిఫికెట్ ఇవ్వాలనిపిస్తుందమ్మా" అని నవ్వారు కూడా. రద్దు చేయమని రాయడం ఇదే మొదలు. ఎలా రాయాలో తెలియక పాత అర్జీల పద్ధతిలోనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు విమానము వివరము: ఇది ఒకరి వెనక ఒకరు కూర్చొను విమానము. పైన ఒక జత, కింద ఒక జత రెక్కలు. లోపల కర్ర, పైన గుడ్డ. దీన్ని తయారు చేసిన ఫ్యాక్టరీ మా చిన్నతనంలోనే మూతపడింది. ఈ రకంవి మొత్తమే కొద్దిగా తయారయ్యాయట. వాటిలో ఎగురుతున్నది మాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఇంకొకటి ఎక్కడో మ్యూజియంలో కప్పుకు వేలాడదీశారని విన్నాం. మా ఇంట్లో దీని పేరు పెద్దమ్మ. ఇకమీదట ఈ అర్జీలో పెద్దమ్మ అని వచ్చినచోట సదరు విమానము అని గ్రహించవలెను. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. మా పక్కింటావిడ చాలాకాలం పెద్దమ్మంటే మా అమ్మకు అక్క అనుకుంది. "పెద్దమ్మ మళ్ళీ నూనె కక్కింది" అని నేనూ, "దగ్గు తగ్గింది కానీ పొగ తగ్గలేదక్కా" అని తమ్ముడూ అనుకుంటుంటే గోడ అవతలనుంచి విని, ఒకరోజు పండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చింది. ఆ పండ్లు మేమే తిన్నాం.

2. యాజమాన్యము: సదరు సహ యజమాని, అనగా నా తమ్ముడు, పొలాలకు పైనుంచి పురుగుమందు చల్లే కంపెనీలో పైలట్‌గా పనిచేసెను. కంపెనీ మూసేసినప్పుడు మిగతా విమానాలన్నీ అమ్ముడుపోయాయి. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. కింది రెక్క విరిగి, ఇంజను పట్టేసి, షెడ్డు వెనక గడ్డిలో పడి ఉంది. తుక్కువాళ్ళకు ఇచ్చేస్తారని తెలిసిన రోజు తమ్ముడు నా దుకాణానికి వచ్చి, "అక్కా, నీకొకదాన్ని చూపించాలి, ఒక్కసారి రా" అన్నాడు. వాడి ముఖంలో ఆ వెలుగు చూసి, పెళ్ళి చేసుకోబోయే పిల్లను చూపిస్తాడనుకున్నాను. మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని మరీ వెళ్ళాను. తీరా చూస్తే గడ్డిలో ఇది.

కోపం వచ్చిన మాట నిజమే. కానీ రెక్క మీద చిరిగి వేలాడుతున్న గుడ్డను చేత్తో పట్టుకున్నాను. నారబట్ట. అంత బిగువైన నేత నేను అంతకుముందు పట్టుకుని ఎరగను. లోపల ప్రతి చెక్కకూ మైనం పూసిన దారంతో వేసిన కుట్లున్నాయి. ఎవరో తెలియని మనిషి, ఎవరికీ కనిపించదని తెలిసి కూడా, ముడి తరవాత ముడి ఎంత శ్రద్ధగా వేసిందో. "ఇది నేను కుట్టగలను" అన్నాను. వాడు నన్ను గట్టిగా పట్టుకుని ఆ గడ్డిలోనే గిరగిరా తిప్పాడు. ఆ రోజునుంచి ఇంజను వాడిది, గుడ్డ నాది. అందువల్లనే ఇద్దరి పేర్ల మీదా నమోదు చేయించడమైనది.

3. నిర్వహణలో ఎదురైన ఇబ్బందులు: ఇవి రాస్తే కాగితాలు చాలవు. దీనికి సంబంధించిన మర మేకు ఒక్కటి కూడా బజారులో దొరకదు. ఏదైనా విరిగితే ఆ ముక్కను చూసి మరో ముక్క చేయించాలి. చేయించేవాడు ఒకసారి మందం ఎక్కువ చేస్తాడు, ఒకసారి తక్కువ చేస్తాడు. ఇంజను వేడిగా ఉంటే ఒక రకంగా పేచీ పెడుతుంది, చల్లగా ఉంటే ఇంకో రకంగా. ముందున్న పంకాను చేత్తో తిప్పితే తప్ప స్టార్ట్ కాదు. తిప్పేది నేనే. మా తమ్ముడు లోపల కూర్చుని "ఇప్పుడు!" అంటాడు. నేను తిప్పి వెనక్కి గెంతుతాను. ఈ వయసులో ఆ గెంతు చూసి ఎయిర్‌ఫీల్డ్ కాపలాదారు, "మీరు డాన్సు నేర్చుకున్నారా అమ్మా" అని అడిగాడు.

ఒకసారి నేను ముందు సీట్లో ఉండగా గాల్లోనే ఇంజను ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. తీగల మధ్య గాలి ఈల వేస్తోంది, అంతే. వెనకనుంచి వాడు, "అక్కా, కింద టమాటా తోట ఉంది, కాళ్ళు పైకి పెట్టుకో" అన్నాడు, బస్సులో పక్కకు జరగమన్నంత మామూలుగా. తోటలో దిగాం. రైతు పరుగెత్తుకొచ్చి, తోటను చూసి, మమ్మల్ని చూసి, "ఎవరింటికి వచ్చారండీ?" అన్నాడు. ఆయన తోట నష్టం మేం భరించాం. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆయన మాకు టమాటాలు పంపేవాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పెద్దమ్మ మీద కోపంతోనో, విసుగుతోనో, తమ్ముడితో తగాదా వల్లనో ఈ అర్జీ పెట్టలేదని తమరు గ్రహించాలి. దాని ఒంటి మీద నా చెయ్యి పడని జానెడు గుడ్డ లేదు.

4. తమ్ముడి భార్య విషయము: మా మరదలు మంచి మనిషి. పెళ్ళయిన నాటినుంచి ఆమె పెద్దమ్మను ఎక్కలేదు. భయం. దగ్గరికి వచ్చేది, చూసేది, వెనక్కి వెళ్ళిపోయేది. "పేరుకి పెద్దమ్మ, లెక్కకి సవతి" అనేది. నవ్వుతూనే అనేది కానీ అందులో కొంత నిజం లేకపోలేదు. సెలవు రోజులన్నీ వాడు షెడ్డులోనే. ఇంటికి వచ్చినా చేతుల్లో నూనె వాసన. వాడికి ఒకటే కోరిక, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఏరు మలుపు తిరిగేచోటుకు తీసుకెళ్ళి, పైనుంచి వాళ్ళిల్లు చూపించాలని. ఏటా అడిగేవాడు. ఏటా ఆమె, "వచ్చే ఏడు చూద్దాం లెండి" అనేది.

5. లోపము బయటపడిన విధము: వానలు తగ్గాక, కింది కుడి రెక్క గుడ్డ మీద చిన్న మచ్చ కనిపిస్తే, అతుకు వేద్దామని కత్తిరించి తెరిచాను. రెక్క లోపల ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక కర్ర దూలం ఉంటుంది. రెక్క బరువంతా, విమానం బరువంతా దాని మీదే. సన్నని పలకలను ఒకదానికొకటి అతికించి చేసిన దూలం అది. పలకకూ పలకకూ మధ్య గీత ఉండాల్సిన చోట సందు కనిపించింది. నా చేతిలో ఉన్న కత్తెర మొన పెట్టి చూశాను. ఆనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కత్తెర అలాగే ఉంచి తమ్ముడికి కబురు పెట్టాను.

రెక్కల కర్రపని మాకు మొదటినుంచీ చేసిపెట్టే వడ్రంగిని పిలిచాం. ఆయన చాలాసేపు వేలితో తడుముతూ కూర్చుని, "కర్ర మంచిదేనమ్మా. జిగురు చచ్చిపోయింది" అన్నాడు. "ఒక్కచోట చచ్చిందంటే మిగతాచోట్ల బతికుందని నేను చెప్పలేను. అన్ని రెక్కలూ విప్పాలి. కొత్త దూలాలు వెయ్యాలి. అంత పొడుగు, ముడి లేని కర్ర దొరకాలి, అది ఆరాలి. ఏడాదిలో అయ్యే పని కాదు."

తమ్ముడు తల ఊపాడు. "సరే అక్కా, విప్పేద్దాం. ఇంతకాలం ఎగిరింది, కొన్నాళ్ళు పడుకోనీ" అన్నాడు. నేను నమ్మాను. ఇప్పటికీ అంటాను, ఆ రోజు వాడు నిజమే చెప్పాడు.

6. తదుపరి పరిణామము: ఆ తరవాత కొద్దిరోజులకే వాడు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. అక్కడినుంచి నేరుగా నా దుకాణానికి వచ్చి, కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. నేను మిషను ఆపలేదు. వాడే చెప్పాడు.

"ఈ ఏడు మెడికల్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఎగరొచ్చట. వచ్చే ఏడు మాత్రం ఇవ్వరట అక్కా. కంటి వెనక పొర ఏదో అరిగిపోతోందట. మందు లేదట."

"బొత్తిగా కనపడకుండా పోతుందా?"

"అలా ఏం కాదు. పేపరు చదువుకోవచ్చట. టీ తాగొచ్చట." నవ్వడానికి చూశాడు. "ఎగరకూడదంతే."

నేను మిషను ఆపాను. ఇద్దరం లెక్క కట్టుకున్నాం, పైకి అనలేదు. దూలాలు మార్చి పెద్దమ్మ లేచి నిలబడేటప్పటికి వాడు నేల మీద ఉంటాడు. వాడు ఎగరగలిగిన ఈ ఒక్క ఏడూ పెద్దమ్మ నేల మీద ఉంటుంది.

7. కోటు కుట్టమని మరదలు వచ్చిన సంగతి: డాక్టరు చెప్పింది వాడు ఇంట్లో కూడా చెప్పాడు. దూలం మాట మాత్రం చెప్పలేదు. అది నాకు తరవాత తెలిసింది. ఒక మధ్యాహ్నం మరదలు మందపాటి ఉన్నిబట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

"వదినా, పైన చలిగా ఉంటుందట కదా. మెడదాకా గుండీలు పెట్టి నాకొక కోటు కుట్టిపెట్టండి."

"పైనంటే?"

"మీ పెద్దమ్మ మీద." ఆమె ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ కాదన్నాను. ఇదే ఆఖరు ఏడంటున్నారు. ఇప్పుడు కూడా కాదంటే నేనేం మనిషిని వదినా? మొన్న చెప్పాను, వస్తానని. మీ తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు."

నేను టేపు తీసి భుజాల కొలత తీసుకున్నాను. చెయ్యి పొడుగు తీసుకున్నాను. నా వేళ్ళు మెడకు తగిలితే ఆమె, "చల్లగా ఉన్నాయి మీ చేతులు" అని తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. ఆమెకు అప్పుడే చెప్పి ఉండాల్సిందని తమరు అనవచ్చు. ముందు వాడినే అడగాలనుకున్నాను.

ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్ళాను. నేను కత్తిరించి తెరిచిపెట్టిన చోట రెక్క మూసి ఉంది. కొత్త గుడ్డ. గుడ్డను బిగించే మందు పూసి, రంగు కూడా వేసి ఉంది. చేత్తో తడిమాను. కుట్లు నావి కావు. సూది పట్టుకోవడం వాడికి నేనే నేర్పాను, సరదాకి. నా ముడే వేయాలని చూశాడు పాపం. వేలు పట్టనిచోట దారం జారి, మళ్ళీ వేసి, మళ్ళీ జారి. ఒకచోట వేలు గుచ్చుకున్నట్టుంది, రంగు కింద చిన్న నల్లటి చుక్క.

తమ అధికారి గారు అంతకు కొద్దిరోజుల ముందే వచ్చి, చూసి, యోగ్యతా పత్రం ఇచ్చి వెళ్ళారని కాపలాదారు చెప్పాడు. ఇందులో సదరు అధికారి గారి తప్పు ఏమియు లేదు. ఆయన చూసినది మూసిన రెక్క. పైకి బాగానే ఉంటుంది. ఆయనపై ఎటువంటి చర్య తీసుకొనరాదని మనవి.

8. సహ యజమానితో జరిగిన సంభాషణ: వాడు షెడ్డుకు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. నన్ను చూసి ఆగిపోయాడు. నేను రెక్క మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను.

"బద్ద అతికించానక్కా," అన్నాడు. "దూలానికి రెండు పక్కలా. కొత్త జిగురు. గట్టిగా ఉంది."

"వడ్రంగి చూశాడా?"

రెక్క మీద లేని దుమ్ము తుడిచాడు.

"దానికేమైనా అయితే?" అన్నాను. మా మరదలి సంగతే అడుగుతున్నానని వాడికి తెలుసు.

"ఒక్కసారి అక్కా. గాలి లేని పొద్దున చూసుకుని, ఏటిదాకా వెళ్ళి వచ్చేస్తా. గట్టిగా తిప్పను, ఎత్తుకు పోను. మంచం మీద మనిషిని మోసినంత మెల్లిగా తీసుకెళ్తా. అది ఎన్నేళ్ళకి ఒప్పుకుంది, నీకు తెలుసు."

"సరే అయితే," అన్నాను. "రేపు నన్ను ఎక్కించుకో. నువ్వు వేసిన కుట్ల మీద నేను కూర్చుంటా. దిగాక దాన్ని తీసుకెళ్దువుగాని."

వాడు నా వంక చూశాడు. టమాటా తోటలో దిగుతున్నప్పుడు కూడా మారని ముఖం, అప్పుడు మారింది.

"నువ్వొద్దక్కా," అన్నాడు. "ముందు నేనొక్కణ్ణే వెళ్ళొస్తా."

అయ్యా, వాడు అన్నది అంతే. వాడికి తెలుసు. చేతులకు తెలుసు, నోరే ఒప్పుకోవడం లేదు. ఆ మర్నాడు షెడ్డుకు కొత్త తాళం పడింది. నా దగ్గరున్న తాళంచెవి పట్టలేదు. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా తాళం లేదు.

9. తక్షణ కారణము: మొన్న పొద్దున దుకాణంలో గుండీలకు కాజాలు తీస్తున్నాను. పైన ఇంజను చప్పుడు. ఊళ్ళో మిగతావాళ్ళకు అది ఏ చప్పుడో, నాకు మాత్రం అది ఇంట్లో మనిషి దగ్గు. సూది వదిలేసి వీధిలోకి పరుగెత్తాను. పెద్దమ్మ. ఇళ్ళ కప్పుల మీదుగా, మెల్లిగా, వంగకుండా, నీళ్ళబిందె పట్టుకున్న మనిషిలా వెళ్తోంది. ముందు సీటు ఖాళీ. ఎదుటి కొట్టు తాళాలాయన్ని బండి తియ్యమన్నాను. "ఎక్కడికమ్మా?" అంటే పైకి చూపించాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

మేం వెళ్ళేసరికి వాడు దిగడానికి వస్తున్నాడు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. దిగాడు. మంచిగా దిగాడు, చక్రాలు నేలను అడిగి ఆనినట్టు. ఇంజను ఆపి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "చూశావా అక్కా! పట్టింది!" అని అరిచాడు. ఆ ముఖం నాకు తెలుసు. గడ్డిలో పెద్దమ్మను మొదటిసారి చూపించిన రోజు ముఖం.

నేను వాడి దగ్గరకు వెళ్ళలేదు. రెక్క దగ్గరకు వెళ్ళాను.

గుడ్డ గురించి తమరికి ఒక మాట చెప్పుకోవాలి. చొక్కా మీద ముడత పడితే ఇస్త్రీ చేస్తే పోతుంది. బిగించి మందు పూసిన రెక్క గుడ్డ మీద ముడత పడదు. పడిందంటే లోపలి చట్రం కదిలిందని. కుడి రెక్క మీద, వాడి కుట్ల దగ్గరనుంచి రెక్క చివరిదాకా, ఏటవాలుగా ఒక ముడత ఉంది. అంతకుముందు లేదు. వాడికి వేలు పెట్టి చూపించాను.

వాడు అరచేత్తో దాన్ని నిమిరాడు. కోటు మీద ముడత సర్దుతారే, అలా. పోలేదు. మళ్ళీ నిమిరాడు. మళ్ళీ.

"ఎండకి సాగి ఉంటుంది," అన్నాడు.

ఎండ ఇంకా రాలేదు.

"ఆదివారం దాన్ని తీసుకెళ్తా అక్కా. ఒక్క ఆదివారం. ఆ తరవాత నువ్వేమంటే అది." నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. నేను ఏం చెప్పినా ఆ క్షణంలో వాడికి వినపడదని తెలిసింది. వాడు చెడ్డవాడు కాదు. భార్యను ప్రాణంలా చూసుకునే మనిషి. ఆమె ఒంటికి దోమ వాలినా ఓర్వలేడు. కానీ ఆ ఒక్క ఆదివారం కోసం జీవితమంతా చూశాడు, అది చేతికి అందింది, చెయ్యి వదలడం వాడి వల్ల కావడం లేదు. వాడి బదులు ఎవరో ఒకరు వదిలించాలి. నేను చెబితే అక్క మాట. తమరు చెబితే ఆజ్ఞ.

10. కావున తమరిని ప్రార్థించుకొనునది:

సదరు విమానము యోగ్యతా పత్రమును ఆదివారము లోపుగా రద్దు చేసి, సదరు ఉత్తర్వును షెడ్డు తలుపుకు అతికించవలెను. తాళము మీద తమ ముద్ర వేయవలెను. ముద్ర ఉంటే వాడు ముట్టుకోడు. చిన్నప్పటినుంచీ వాడికి కాగితమన్నా ముద్రన్నా గౌరవం.

రెక్కను మూసినందుకు నా తమ్మునిపై కేసు గాని, జరిమానా గాని లేకుండా చూడవలెను. ఎగరడమే పోయాక ఇంకేం శిక్ష వేస్తారు వాడికి.

విమానమును తుక్కు కింద తీసివేయుటకు ఉత్తర్వు ఇవ్వరాదు. షెడ్డులోనే ఉండనివ్వవలెను. దూలాలు వచ్చినప్పుడు వేయిస్తాం. ఎవరు ఎగురుతారని అడగకండి. ఎవరో ఒకరు వస్తారు.

ఉత్తర్వులో ఫిర్యాదుదారు పేరు గోప్యముగా ఉంచుట ఆనవాయితీ అని విన్నాను. నా పేరు దాచనక్కరలేదు. దాస్తే, ఎవరో బయటివాళ్ళు చేశారనుకుని వాడు నా దుకాణానికే వచ్చి నా దగ్గరే బాధ చెప్పుకుంటాడు. అది నేను తట్టుకోలేను. నా మీద కోపం ఉన్నా ఫరవాలేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. నేల మీద ఉండి మాట్లాడకపోతే చాలు.

పై సంగతులు యావత్తు నిజములని ప్రమాణము చేయుచు, ఇంత పొడుగు రాసినందుకు విసుగు చెందక, దయతో, త్వరితముగా చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
కింది రెక్కలు, పై రెక్కలు, తోక, అన్నిటి గుడ్డపనీ చేసిన అక్క.

తాజా కలం:

అర్జీ కవరులో పెట్టాను. కానీ వాడికి చెప్పకుండా పంపడానికి మనసు ఒప్పలేదు. కబురు పెడితే తమ్ముడు వచ్చాడు. "ఇది చదువు" అని ఇచ్చాను. కిటికీ దగ్గర వెలుతురుకు తిరిగి, కాగితం కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని, నిలబడే చదివాడు. మధ్యలో ఒకచోట నవ్వాడు. ఎక్కడ నవ్వాడో అడగలేదు. ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. కళ్ళ వల్లో, మరి దేనివల్లో.

"ఇది చెల్లదక్కా," అన్నాడు.

వాదనకు దిగుతున్నాడనుకున్నాను. "ఎందుకు చెల్లదు? సగం నాది."

"అదే. పత్రం అడగడానికి ఒక్కరు చాలు. ఉమ్మడి పేర్ల మీద ఉన్నదాన్ని రద్దు చేయమంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కరే పెడితే తిప్పి పంపిస్తారు. నువ్వు మళ్ళీ రాయాలి, వాళ్ళు మళ్ళీ చూడాలి. ఈలోపు ఆదివారం వెళ్ళిపోతుంది."

ఆ నిబంధన నాకు తెలియదు. వాడు చెప్పకపోతే తెలిసేది కాదు. ఊరుకుంటే సరిపోయేది వాడికి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కలం ఇలా ఇవ్వు," అన్నాడు.

దూరం చూపు ఇంకా ఉన్నా దగ్గరి సన్న గీత కనపడక, ఎక్కడ పెట్టాలని అడిగాడు. వాడి వేలు పట్టుకుని చూపించాను. సంతకం పెట్టాడు. కొంచెం పక్కకు పోయింది, మన్నించవలెను, అది వాడిదే.

"దానికి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు," అన్నాడు. తలుపుదాకా వెళ్ళి ఆగాడు. "మొన్న పొద్దున పైన ఎంత బాగుందో నీకు చెప్పనే లేదు కదక్కా. ఏటి మీద మంచు ఉంది. మా ఇల్లు కనిపించింది. అది పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తలెత్తి చూసింది. చెయ్యి ఊపింది." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

కావున సదరు అర్జీని యజమానులిద్దరి సంతకములతో పంపడమైనది. ఇందులో 'నేను' అని ఉన్నచోటల్లా 'మేము' అని చదువుకొనవలెను.